లెక్క సరిపోయింది

4వ తేదీ, సోమవారం

నువ్వు దొంగవి. ఇంకొకరి డైరీ తెరిచి చదివేవాళ్ళని అంతకంటే మర్యాదగా పిలవడం నాకు చేతకాదు. అయినా నీ మీద నా ఫిర్యాదు అది కాదు. గోడ మీద జాబితా అంటించినప్పుడు నువ్వు వేలు పెట్టి నీ పేరు వెతుక్కున్నావు, దొరికింది, ఇంటికి పోయి టీ తాగావు. పక్క తలుపువాళ్ళ పేరు ఉందో లేదో చూడలేదు. చూసి నోరు విప్పి ఉంటే ఇవాళ నాకు ఈ రాత ఉండేది కాదు.

పొద్దున పిన్ని ఫోన్ చేసింది. బతుకంతా టెలిఫోన్ ఎక్స్‌చేంజ్‌లో పనిచేసిన మనిషి. కొంప మునిగినా గొంతు పెంచదు.

"పాత బ్లాకు కూల్చేస్తే కొత్త ఇళ్ళు ఎవరెవరికిస్తారో మెట్ల దగ్గర అంటించారు. అందులో నేను లేను."

"సరిగ్గా చూశావా?"

"కళ్ళజోడు పెట్టుకుని చూశాను. తీసేసి చూశాను. రెండు రకాలుగానూ లేను."

ఆ జాబితా తీసింది నేనే. ఇళ్ళ శాఖలో నా పనే అది. సర్వే వాళ్ళు గడపగడపా తిరిగి ట్యాబ్‌లో నింపినదంతా ఇంటికొక రికార్డు చొప్పున ఒక పెద్ద జేసన్ ఫైలుగా నా దగ్గరికి వస్తుంది. నల్లతెర మీద ఒక్క వరస కమాండు రాసి అందులోంచి జాబితా బయటికి లాగుతాను. ఎక్సెల్‌లో గడి గడికీ మౌస్ ఈడ్చుకుంటూ కూర్చునేవాళ్ళని చూసి లోపల నవ్వుకుంటాను కూడా. పంపేముందు సరిచూశాను. ఫైల్లో కుటుంబ సభ్యులు మొత్తం ఎంతమందో, నాకు వచ్చిన వరసలు కూడా అన్నే. లెక్క సరిపోయింది.

కాబట్టి నా చెయ్యి దాటాక ఎవరో తీసేశారు.

5వ తేదీ, మంగళవారం

ఆఫీసుకి వెళ్తూ పాత బ్లాకు దగ్గర ఆగాను. లేనిది పిన్ని ఒక్కతే కాదు. కింది అంతస్తులో వయొలిన్ నేర్పే ఆవిడ పేరు లేదు. భార్య పోయిన లారీ డ్రైవరు పేరు లేదు. విడాకులయ్యాక అక్కడికి మారిన నర్సు పేరు లేదు. ఇంట్లో ఒక్కరే ఉండేవాళ్ళ పేరు ఒక్కటంటే ఒక్కటి కూడా లేదు. పిల్లలూ కోడళ్ళూ ఉన్న ఇళ్ళన్నీ ముచ్చటగా ఉన్నాయి.

ఇది పొరపాటా? పొరపాటు గుడ్డిగా జరగాలి. ఇది ఏరి ఏరి తీసినట్టుంది. ఒంటరివాళ్ళకి ఇల్లెందుకు, ఏ బంధువుల పంచనో పడి ఉంటారులే అనుకున్న బుర్ర ఒకటి దీని వెనక ఉంది. ఇరవై ఏళ్ళుగా ఉద్యోగం చేస్తూనే పత్రికకి వ్యాసాలు రాసి నేను మొత్తుకుంటున్నది ఈ బుర్ర గురించే.

తిన్నగా మా సెక్షన్ ఆఫీసరు గదికి వెళ్ళాను. ఈయనకి మేం పెట్టుకున్న పేరు మెత్తనయ్య. ఎవరేమన్నా తనకి తగలనివ్వడు, దూదిలాగా పీల్చేస్తాడు.

"మీరు పంపిందే అంటించామమ్మా. నేను ఒక్క అక్షరం ముట్టుకోలేదు."

"ముట్టుకోకుండానే ఇంతమంది ఎగిరిపోయారా? రెక్కలొచ్చాయా?"

"మీరే సరిచూసి సంతకం పెట్టారు కదమ్మా."

"నా లెక్క సరిపోయింది."

"సరిపోతే మంచిదే కదమ్మా."

పళ్ళు నూరుకుంటూ బయటికొచ్చాను. అభ్యంతరాలుంటే పదిహేనో తేదీలోపు జాబితాలోని క్రమసంఖ్య వేసి ఇవ్వాలట. జాబితాలో లేనివాళ్ళకి క్రమసంఖ్య ఎక్కణ్ణించి వస్తుందని ఈ రూలు రాసినవాణ్ణి ఒకసారి ఎదురుగా కూర్చోబెట్టి అడగాలి. గడువు దాటితే బ్లాకు ఖాళీ చేయించడం మొదలు. పిన్నికి వెళ్ళడానికి ఇంకో గడప లేదు. మా ఇంటికి రమ్మంటే రాదు, ఆ సంగతి నాకూ తెలుసు, ఆవిడకీ తెలుసు.

6వ తేదీ, బుధవారం

మళ్ళీ చూశాను. సరిపోయింది.

7వ తేదీ, గురువారం

నిన్న ఆఫీసు నుంచి వచ్చి ఒక్క ఊపులో వ్యాసం రాసేశాను. చాలా రోజుల తరవాత చెయ్యి ఆగకుండా నడిచింది. ఒక వాక్యం నాకే నచ్చింది, ఇక్కడ ఎక్కించుకుంటున్నాను: "కుటుంబం అనే చీటీ మెడలో లేని మనిషిని ఈ ప్రభుత్వం మనిషిగా చూడలేదు, చూడకపోవడం దాని చూపులోని లోపం కాదు, దాని ఉద్దేశం."

సంపాదకుడు చదివి ఫోన్ చేశాడు. నాకంటే చిన్నవాడు, అక్కయ్యా అంటాడు, పారితోషికం మాట వచ్చేసరికి మాత్రం తమ్ముడినని మర్చిపోతాడు.

"అక్కయ్యా, అదిరింది. కాకపోతే ఉద్దేశం అన్నావు చూడు, అక్కడ కొంచెం పట్టు కావాలి."

"పట్టేంటి? జాబితా కళ్ళెదురుగా ఉంది."

"జాబితాలో లేరన్నది ఉంది. తీసేశారన్నది ఎక్కడుంది? నువ్వు పంపినప్పుడు ఉన్నారు, అంటించేసరికి లేరు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూపించు. పేజీ నీకోసం ఆపుతాను."

"నామీద నమ్మకం లేదా?"

"నీమీద నమ్మకం ఉంది కాబట్టే ఆపుతున్నాను. లేకపోతే వేసేసి రేపు లాయరుకి నీ నంబరిచ్చేవాణ్ణి."

ఒళ్ళు మండింది. కానీ అడిగినదాంట్లో న్యాయం ఉంది. సోమవారం తీసిస్తానన్నాను. దానికి పెద్ద కష్టం కూడా లేదు. ఇవాళే తీయొచ్చు. ఇవాళ పని ఎక్కువగా ఉంది.

8వ తేదీ, శుక్రవారం

ఇవాళ కూడా పని ఎక్కువగా ఉంది.

9వ తేదీ, శనివారం

పిన్ని ఇంటికి వెళ్ళాను. మూడో అంతస్తు, మెట్ల గోడకి పెచ్చులు ఊడి లోపలి ఇటుక కనిపిస్తోంది. లోపల ఒక్కటే గది, వంటగట్టు, బాల్కనీ అని పిలుచుకునే జానెడు చోటు. మంచం పక్కన పాత టెలిఫోను పెట్టుకుంటుంది, దానికి తీగ లేదు. కుర్చీలు రెండున్నాయి. రెండోదాని మీద ఎప్పుడూ బట్టల దొంతర ఉంటుంది, నేను వస్తే తీసి మంచం మీద పెడుతుంది, నేను లేస్తే మళ్ళీ అక్కడికే చేరుస్తుంది.

సామాన్లేమీ సర్దలేదు. ఒక్క అట్టపెట్టె కూడా కనపడలేదు.

"సర్దుకోలేదా పిన్నీ?"

"ఎక్కడికని సర్దుకోను? చిరునామా లేని ఉత్తరానికి స్టాంపు అంటిస్తామా?"

"నేను వదలను వాళ్ళని. వ్యాసం రాశాను. పత్రికలో వస్తే..."

"వస్తే ఏమవుతుంది?"

"నలుగురికీ తెలుస్తుంది."

"నాకిల్లు లేదని నలుగురికీ తెలియడం నాకెందుకే? ఇల్లొస్తే చాలు, ఎవరికీ తెలియకపోయినా పర్లేదు."

నేను వ్యవస్థ గురించి మొదలుపెట్టాను. పిన్ని కాసేపు విని, ఎక్స్‌చేంజ్ గొంతుతో, "దయచేసి లైన్లో ఉండండి" అని లేచి టీ పెట్టడానికి వెళ్ళింది. నాకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. నా చిన్నప్పుడు అమ్మా నాన్నా పోట్లాడుకుంటుంటే నన్ను ఈవిడ దగ్గరికే పంపేవాళ్ళు. అప్పుడూ ఇదే మంచం. కాళ్ళు నేలకి ఆనేవి కావు నాకు.

వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర నిలబడి అడిగింది.

"ఆ జాబితా తీసేది నువ్వే కదూ?"

"నేను సరిగ్గానే తీశాను. తరవాత ఎవరో..."

"సరే" అంది. అంతే. నమ్మిందో లేదో ఆ సరేలో తెలియలేదు.

11వ తేదీ, సోమవారం

సంపాదకుడికి ఇవ్వాల్సిన ఆధారం తీద్దామని పొద్దున్నే కూర్చున్నాను. ముడి ఫైల్లో పిన్ని ఇంటి నంబరు కొట్టాను. ఉంది. మూడో అంతస్తు, ఎడమ వైపు. ఇంటిపెద్ద గడిలో పిన్ని పేరు. సభ్యుల గడిలో రెండు చదరపు బ్రాకెట్లు, మధ్యలో ఏమీ లేదు. సర్వే వాళ్ళు ఇంటికి వెళ్ళారు, అడిగారు, ఉన్నది ఉన్నట్టు నింపారు.

తరవాత నేను పంపిన జాబితా. నా దగ్గర కాపీ ఉంది, మెత్తనయ్య చెయ్యి పడనిది. అందులో వెతికాను.

లేదు.

నంబరు తప్పు కొట్టాననుకుని మళ్ళీ కొట్టాను. లేదు. పేరు పెట్టి వెతికాను. లేదు.

పిన్ని ఒక్కదాని రికార్డునే ముడి ఫైల్లోంచి విడిగా తీసి, నా కమాండుకి అందించి, ఎంటర్ నొక్కాను. తెర ఒక వరస కిందికి జరిగింది. కర్సరు మిణుకు మిణుకుమంటూ నిలబడింది. ఏమీ రాలేదు. తప్పని కూడా చెప్పలేదు. తప్పయితే గోల చేసేది, ఎర్రగా ఏదో ఒకటి ఉమ్మేసేది. పని పూర్తయింది, ఇంకేంటి అన్నట్టు నిలబడింది.

మళ్ళీ నొక్కాను. మళ్ళీ నొక్కాను. వయొలిన్ ఆవిడ రికార్డు ఇచ్చాను. లారీ డ్రైవరుది ఇచ్చాను. నర్సుది ఇచ్చాను.

ఏమీ రాలేదు.

12వ తేదీ, మంగళవారం

ఉన్నదున్నట్టు రాసుకుంటాను. ఎవరి కొత్త ఇంటికి ఎన్ని గదులివ్వాలో తేల్చడానికి మనుషుల వారీగా జాబితా కావాలన్నారు. నేను రాసిన కమాండు ఏమంటుందంటే: ప్రతి ఇంటికీ వెళ్ళు, సభ్యుల గడి విప్పు, సభ్యుడికొక వరస చొప్పున రాయి, వరస మొదట్లో ఇంటిపెద్ద పేరు పెట్టు. నలుగురు సభ్యులుంటే నాలుగు వరసలు. ఒకరుంటే ఒకటి. ఎవరూ లేకపోతే వరసే లేదు, వరస లేకపోతే మొదట్లో పెట్టాల్సిన పేరు కూడా లేదు. ఇంటిపెద్ద అయినా ఇంకొకరి తోకగా తప్ప జాబితాలోకి రాలేరు.

నేను సరిచూసిందేమిటి? సభ్యుల మొత్తం. సున్నాలు ఎన్ని పోయినా మొత్తం మారదు. రానివాళ్ళు చేతులెత్తండని అడిగి, ఎవరూ ఎత్తలేదు కాబట్టి అందరూ వచ్చారని రాసుకున్నట్టు.

అయితే ఒకటి. ఇది నా తప్పేనా? ఆ ఫారం ఎవడు తయారుచేశాడు? ఇంటిపెద్దని సభ్యుడిగా లెక్కవేయకూడదని ఎవడు చెప్పాడు? ఒంటరిగా ఉండే మనిషి ఇంట్లో సభ్యులు సున్నా అట. అందులో ఉంటున్నదెవరు మరి, గాలా? ఇల్లంటే పెద్ద ఒకడు, వాడి కింద కొందరు అనే పాత ఊహని తీసుకొచ్చి కంప్యూటరుకి నేర్పించారు. కాబట్టి వ్యాసంలో నా వాదన నూటికి నూరుపాళ్ళూ నిజం. చేసినవాళ్ళెవరన్నది చిన్న విషయం. వ్యవస్థ చేసింది. నా చేత్తో చేయించింది.

పైన రాసింది మళ్ళీ చదివాను. చిన్న విషయమట.

సాయంత్రం మా ఆయనతో చెప్పాను. కళ్ళజోళ్ళ దుకాణం ఆయనది, రోజంతా జనం కళ్ళలోకి చూసి వచ్చి ఇంట్లో నా మొహం తప్ప అన్నీ చూస్తాడు. ఇవాళ మాత్రం వార్తలు ఆపేసి విన్నాడు.

"నీకు దూరపు చూపు మహా బాగుంటుంది. దగ్గరికొస్తేనే కష్టం" అన్నాడు.

"వేళాకోళం వద్దు."

"వేళాకోళం కాదు. చాలామందికి ఉండేదే. అద్దం మార్చుకుంటారు."

"ఆఫీసులో చెప్తే నన్ను ఆ పనిలోంచి పీకేస్తారు."

"చెప్పకపోతే పిన్నిని ఇంట్లోంచి పీకేస్తారు" అని టీవీ పెట్టుకున్నాడు. ఇంకాస్త వాదిస్తే బాగుండేది. వాదన దొరికితే నేను దాని మీద వారం రోజులు బతకగలను.

సంపాదకుడు ఫోన్ చేశాడు. ఎత్తలేదు.

13వ తేదీ, బుధవారం

మెత్తనయ్యకి చెప్పాను. కుర్చీలో వెనక్కి వాలాడు. అరుస్తాడనుకున్నాను. మొహంలో వెలుగొచ్చింది.

"అంటే నా దగ్గర ఏం జరగలేదన్నమాట. నేనప్పుడే అన్నాను కదమ్మా."

"అన్నారు. ఇప్పుడు జాబితా తిరగ తీద్దాం."

"సంతకాలయిపోయిన జాబితా అమ్మా. తెరవాలంటే ఆఫీసులో జరిగిన పొరపాటని రాతపూర్వకంగా ఉండాలి. ఎవరు చేశారో, ఏం చేశారో, సంతకంతో. అది పైకెళ్తుంది. తరవాత మిమ్మల్ని ఈ సీట్లో ఉంచరు. నేను ఉంచమన్నా ఉంచరు." కాసేపు పెన్ను మూత పెడుతూ తీస్తూ కూర్చున్నాడు. "ఇంకో దారి కూడా ఉంది. సర్వే వాళ్ళు వెళ్ళినప్పుడు ఆ ఇళ్ళకి తాళం వేసి ఉందని రాద్దాం. అప్పుడిది మన తప్పు కాదు. వాళ్ళంతా తరవాతి విడతలో దరఖాస్తు పెట్టుకుంటారు."

"తరవాతి విడత ఎప్పుడు?"

"అది మన చేతుల్లో లేదమ్మా."

"ఈలోగా బ్లాకు కూల్చేస్తారు."

"అదీ మన చేతుల్లో లేదు."

"సర్వే వాళ్ళు వెళ్ళారు. ఇంటింటికీ వెళ్ళారు. ఫైల్లో ఉంది."

"ఫైల్లో ఉన్నది చదవడం వచ్చినవాళ్ళు ఈ ఆఫీసులో మీరొక్కరే కదమ్మా" అన్నాడు, ఎంతో మెత్తగా.

నేను వెంటనే వద్దనలేదు. ఇది రాయాలి. మొహాన కొట్టినట్టు చెప్పి బయటికి రాలేదు. ఆలోచించి చెప్తానన్నాను. ఎందరినో వేదికల మీద నిలదీసిన నోరు, ఆలోచించి చెప్తానంది. బయట వరండాలో నీళ్ళు తాగాను. గ్లాసు కడిగాను. మళ్ళీ కడిగాను.

మధ్యాహ్నం సంపాదకుడికి ఫోన్ చేసి వ్యాసం తీసేయమన్నాను. కారణం చెప్పాను.

మొత్తం విన్నాడు. తరవాత, "అక్కయ్యా, ఇదంతా ఎవరికి తెలుసు? ఒక్క వాక్యం మారుద్దాం. తీసేశారు అనొద్దు, గల్లంతయ్యారు అందాం. అది నిజమే కదా. ఎలా అన్నది జనం ఊహకి వదిలేద్దాం" అన్నాడు.

"జనం ఎవర్ని ఊహించుకుంటారు?"

"నన్నడుగుతావేంటి? నీ వ్యాసం చదివినవాళ్ళు ఎవర్ని ఊహించుకుంటారో నీకు తెలీదా?"

తెలుసు. అందుకే తీసేయమన్నాను. ఆ పేజీలో తోటపని గురించి ఏదో వేసుకుంటాడట. మొక్కలైనా బతుకుతాయి అన్నాడు.

14వ తేదీ, గురువారం

కమాండు సరిచేశాను. సభ్యుల గడి ఖాళీగా ఉంటే ఊరుకోకు, ఖాళీ అనే రాయి, ఇంటిపెద్దని వదలకు అని. దానికోసం కమాండులో కొత్తగా చేర్చింది రెండు ఏటవాలు గీతలూ ఒక్క మాటా, అంతే. పిన్ని వచ్చింది. పేరు ముందు, పక్కన సభ్యుల చోట శూన్యం. వయొలిన్ ఆవిడ, డ్రైవరు, నర్సు, నేను మొహం కూడా చూడని ఇంకొందరు, ఒకరి వెనక ఒకరు తెర మీదికి దిగారు. ఈసారి సభ్యుల్ని కాదు, ఇళ్ళని లెక్కపెట్టాను. ఫైల్లో ఉన్న ఇళ్ళన్నీ జాబితాలో ఉన్నాయి.

సాయంత్రం పిన్ని దగ్గరికి వెళ్ళి చెప్పాను. కూర్చోకుండానే చెప్పాను, ఆవిడ కుర్చీ మీద బట్టలు తీసేలోపు.

"అంటే నా ఇంట్లో ఇంకెవరూ లేరని నన్నే లేకుండా చేశావు" అంది.

"నేను కావాలని..."

"కావాలని చేశావని నేనన్నానా? ఆఫీసువాళ్ళు మాత్రం కావాలనే చేశారన్నావు. పోయినసారి ఇక్కడే కూర్చుని చెప్పావు."

ఆ వ్యాసం ఇక రాదని, ఇకమీదట ఒంటరి స్త్రీల గురించి రాసేటప్పుడు జాగ్రత్తగా ఉంటానని ఏదో గొణిగాను. పిన్ని చేత్తో ఆపింది.

"నన్నా పేరుతో పిలవకు. ఒంటరి స్త్రీ ఏమిటే, ఎక్కడో అనాథాశ్రమం బోర్డులా. నేను మూడో అంతస్తు, ఎడమ వైపు తలుపు. ఎవరైనా అడిగితే అలా చెప్పు."

"కోపంగా ఉందా?"

"ఉండదా? కోపం నీ ఒక్కదానికే పంచిపెట్టారా?" బట్టల దొంతర తీసి మంచం మీద పెట్టింది. "రేపు ఆఖరు రోజు కదూ. వెళ్ళి నీ ఆఫీసులో ఏం చెప్పాలో అది చెప్పు. చెప్పి వచ్చాక కూర్చుందువు గాని."

కుర్చీ ఖాళీ చేసింది, కూర్చోమనలేదు.

15వ తేదీ, శుక్రవారం

పొద్దున కాగితం పట్టుకుని వెళ్ళాను. మెత్తనయ్య మొదటి పేరా చదివి, "తాళం సంగతి మేలు కదమ్మా" అన్నాడు. వేయని తాళం నేను రాయను అన్నాను. రెండో పేరా చదివి, నేను వెనక్కి తీసుకుంటానేమోనని కాసేపు కాగితాన్ని బల్ల అంచున ఉంచాడు. తీసుకోలేదు. చేరినట్టు ముద్ర వేయమన్నాను. వేశాడు. జాబితా తెరుస్తారనే అనుకుంటున్నానమ్మా, అన్నాడు. అనుకోవడం నాకు అక్కర్లేదు. సోమవారం నుంచి నా సీటు కింది అంతస్తులో, రికార్డుల గదిలోనట. ఆ మాట మాత్రం అనుకుంటున్నానని చెప్పలేదు, ఖాయంగా చెప్పాడు.

ఇచ్చిన కాగితంలోవి ఇక్కడ దింపుకుంటున్నాను, రేపు మాట మార్చడానికి వాళ్ళకి గాని నాకు గాని వీల్లేకుండా.

మెట్ల దగ్గర అంటించిన జాబితా ఇవాళే పీకేయాలి. సరిచేసిన జాబితా అదే గోడ మీద అంటించాలి.

పొరపాటు సర్వే వాళ్ళది కాదని, జాబితా తీసిన కమాండుదని, ఆ కమాండు రాసింది నేనని దాని పైనే ఉండాలి.

జాబితాలో లేనివాళ్ళ అభ్యంతరం క్రమసంఖ్య లేకుండా తీసుకోవాలి. తలుపు నంబరు చాలు.

కొత్త జాబితా అంటించిన రోజు నుంచి గడువు మళ్ళీ మొదలవ్వాలి. అప్పటిదాకా ఎవరి సామానూ మెట్లు దిగకూడదు.

ఒక్కరే ఉండే ఇంట్లో సభ్యులు ఒకరు. సున్నా కాదు. ఫారం మార్చాలి.

వాళ్ళకి తరవాతి విడత వద్దు. ఈ విడతలోనే, ఈ బ్లాకు వాళ్ళతోపాటే ఇళ్ళివ్వాలి.

నన్ను ఉద్యోగంలోంచి తీసేయాలనుకుంటే తీసేయండి. వాళ్ళ చేతికి తాళాలిచ్చిన మర్నాడు.